అడ్డం నిలబడితే

“పొద్దుగాల వైఫై మంచిగనే ఉంటది. హమాలోళ్లు లోపలికి రాంగనే బేళ్లు లెక్కవెట్టే స్కానర్లు పండుకుంటయి. ఇయ్యాల తేల్చకుంటే నీ కాంట్రాక్టు బంద్, భానూ!” అంది గోదాము మేనేజరు శోభారాణి.

ఎనుమాముల దగ్గరి ఆ పత్తి గోదాములో వైఫై పెట్టింది భానుచందరే.

“మనిషంటే నీళ్ల కుండ, మేడం. అడ్డమొస్తే సిగ్నల్‌ను తాగుతడు. జర ఈ బేళ్ల సందుల నిలబడుండ్రి.”

ఒక చివర గోడకు వైఫై పెట్టె, ఇంకో చివర లాప్‌టాప్. ఆమె నడుమ నిలబడింది. తెర మీద తొంభై ఉన్న సిగ్నల్ అంకె నలభైకి పడిపోయింది.

“అంత లావున్ననా నేను?”

హమాలీలు నవ్వారు.

“ఎవ్వలైనా అంతే మేడం. పెట్టెను ఇంకింత పైకి కొట్టాలె.”

భానుచందర్ నిచ్చెన ఎక్కాడు. పెట్టెను పైకి బిగించి దిగుతుండగా, నిచ్చెన ఆనించిన బేళ్ల దొంతర నిచ్చెనతో సహా పక్క సందులోకి ఒరిగింది. అతను దూకాడు. గోదామంతా దుమ్ము లేచింది.

లేచి అంగీ దులుపుకున్నాడు. ఒంటి మీద గీత కూడా పడలేదు.

“మేడం, నాకేం కాలే!” అని కేకేశాడు.

ఎవరూ పలకలేదు. పక్క సందులో బేళ్లు లాగుతున్న చప్పుడు. “జల్ది లేపుండ్రి, జల్ది!” అని శోభారాణి అరుస్తోంది. లారీలు వచ్చే వేళయిందని తొందర కాబోలు అనుకున్నాడు.

ఓ ముసలాయన ఎర్ర రుమాలు చుట్టుకుని బేలు మీద కూర్చుని ఉన్నాడు.

“తాతా, జర నడుమ నిలబడవా?”

ముసలాయన నిలబడ్డాడు. తొంభై.

“ఇంకింత ముందుకు రా.”

తొంభై.

“ఎత్తు సరిపోయింది తాతా! నా పని నిలబడ్డది. నువ్వు ఈడ హమాలీవా?”

“ఉంటి. నా పేరు యాకయ్య. నా మీదికి సుత గిట్లనే దొంతర ఒరిగింది బిడ్డా. దూకి తప్పించుకున్ననే అనుకున్న.”

పక్క సందులో బేళ్ల చప్పుడు ఆగింది. శోభారాణి ఏడుపు మొదలైంది.

“ఒక్కపారి నువ్వు నిలబడి చూడు,” అన్నాడు యాకయ్య.

భానుచందర్ వెళ్లి నడుమ నిలబడ్డాడు. తెర వైపు చూశాడు.

తొంభై.