నాన్న కారు అసలు విలువ

"ఈ పాత కారుకు ఇంతకంటే ఎక్కువ బీమా రాదు సార్," అన్నాడు బీమా సర్వేయరు. "అసలు విలువకు బీమా కావాలంటే, మీరు మార్చిన ప్రతి భాగం ఎక్కడిదో చెప్పాలి."

సెలవులన్నీ ఆ కారుకే ధారపోసిన నాన్న, వంటింటి వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. "వెనక సీటు మా సోఫాది. గేరు పిడి కుక్కరు మూతది. వైపర్లు తిప్పేది మిక్సీ మోటారు."

సర్వేయరు నమ్మలేక వైపరు మీట నొక్కాడు. షెడ్డు దద్దరిల్లింది. అమ్మ పరుగున వచ్చింది.

"అది నా మిక్సీ గొంతు."

నాన్న బానెట్ వెనక్కి నక్కాడు.

"మీ అక్కే పట్టుకెళ్లిందన్నారు కదండీ? ఆ మాట నమ్మి వదినా నేనూ ఇన్నేళ్లూ ఉప్పూ నిప్పూలా ఉన్నాం."

"ఆ రోజు అక్క వచ్చిన మాట నిజమే కదా," అని నాన్న నసిగాడు.

సర్వేయరు కలం తీశాడు. "మోటారు విలువ ఎంత రాయమంటారమ్మా?"

"అది మా వదిన తేలుస్తుంది." అమ్మ ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. "పదండి, మీ అక్కగారింటికి. సాక్ష్యం ఎలాగూ మనతోనే వస్తుంది."

నాన్న తాళంచెవి తీసుకుని సర్వేయరు దగ్గరికి జరిగాడు.

"కారు సంగతి తర్వాత చూద్దాం బాబూ. డ్రైవరుకు ఈరోజే బీమా చేస్తారా?"