అతుకు ముక్క అడ్డంగా

ఇలా దగ్గరికి జరుగు తల్లీ, ఆటోలు గాల్లో ఎగిరే కాలంలో సైదమ్మకు ఒళ్ళు మండిన రోజు సంగతి చెబుతాను.

ఆటోనగర్ షెడ్డులో తనిఖీ చేసే సైదమ్మ వేలిముద్ర పడితేనే ఏ ఆటో అయినా పైకి లేచేది. ఆ పూట బడిపిల్లల ఆటో రెక్కను పట్టి ఉంచే బోల్టు చెయ్యి దూరని సందులో ఉంటే, మేస్త్రీ బసవయ్య బిగువు కొలిచే టార్క్ రెంచికి అతుకు ముక్క తగిలించి, తిన్నగా పట్టి బిగించేశాడు. రెంచి టిక్కుమంది, బిగువు సరిపోయిందని దాని పచ్చదీపం వెలిగింది.

"వేలు పెట్టవే, పిల్లలు కాచుకుని ఉన్నారు."

"నీ కళ్ళు కాకులు పొడవ! ముక్క తిన్నగా పెడితే రెంచి పొడుగైనట్టే కదయ్యా! రెంచి చెప్పినదానికంటే ఎక్కువ బిగిసింది. గాల్లో తెగితే నీ దీపం పట్టుకుంటుందా పిల్లల్ని?"

"దీపం కంటే నీకెక్కువ తెలుసా?"

సైదమ్మ బోల్టు ఊడదీసి, దానికి కొత్త నట్టు చేత్తో తిప్పింది. ఎక్కువ బిగింపుకు సాగిపోయిన బోల్టు మరల దగ్గర నట్టు బిగుసుకుని ఆగిపోయింది.

"తిప్పు మేస్త్రీ, నువ్వు తిప్పు!"

బసవయ్య తిప్పి చూశాడు, నట్టు కదల్లేదు. సైదమ్మ రెంచి పొడుగు పెరగకుండా ముక్కను దానికి అడ్డంగా తిప్పి పెట్టి, కొత్త బోల్టు బిగించి, అప్పుడు వేలు నొక్కింది. ఆటో కనుమరుగైనా తిట్లు ఆగలేదు.

మరిచిపోకు తల్లీ. అతుకు ముక్క అడ్డంగా పెట్టాలని నీ తర్వాతివాళ్ళకూ చెప్పు, ఆ తిట్లతో సహా చెప్పు.