తెల్ల కారు పక్కన మనిషి

“దగ్గరికి రాకు తమ్ముడూ. వచ్చావంటే ముందు మోజు పడతావు, తరవాత ఏడుస్తావు.”

తెల్ల కారు బానెట్టుకి ఆనుకుని పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకు తింటున్న జుమానియోజ్ ఆ మాట అనేసరికి మత్యాకుబ్ కాళ్ళు ఆగిపోయాయి. తెల్లారినప్పటి నుంచి ఉర్‌గెంచ్ ఊళ్ళో ఆదివారం కార్ల బజారులో తిరుగుతున్నాడు. ప్రతివాడూ తన డొక్కు బండిని కొత్త పెళ్ళికూతురిలా పొగిడినవాడే. రావొద్దన్న మనిషి ఇతనొక్కడే.

వెనకాల చంకలో ఖర్బూజా పెట్టుకుని భార్య శరోఫత్ వచ్చింది.

“ఇదే బావుందయ్యా. తెల్లగా ఉంది, డిక్కీ ఉంది, గ్యాసు సిలిండరు కూడా ఉంది. టీచరమ్మలు నలుగురూ హాయిగా పడతారు.”

ఆ నలుగురు టీచరమ్మలే వాళ్ళ బెంగ. రోజూ బడికి దింపి, మళ్ళీ ఇంటికి తెచ్చే పని మత్యాకుబ్‌కి ఇస్తామన్నారు. కానీ రేపు పొద్దున్నే కారుతో గుమ్మం ముందు ఉండాలి. లేకపోతే ఆ పనికి పక్క వీధి కుర్రాడు కాచుకుని ఉన్నాడు. మత్యాకుబ్‌కి లైసెన్సు వచ్చి నెల కాలేదు. కార్ల గురించి అతనికి గట్టిగా తెలిసింది స్టీరింగు గుండ్రంగా ఉంటుందన్న సంగతే.

“కారు ఎలాంటిదన్నా?” అన్నాడు.

జుమానియోజ్ నిటారుగా నిలబడి ఒళ్ళు విరుచుకున్నాడు. మోకాళ్ళ నిండా దుమ్ము. వేళ్ళకి నల్లటి నూనె మరకలు.

“పొద్దుట్నుంచీ దీంతోనే నా కాపురం. కిందా మీదా నాకు తెలియని చోటు లేదు. ఇటు రా, చూపిస్తా.”

జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి ఎడమ తలుపుకి ఆనించాడు. టక్కున అతుక్కుంది. తరవాత చెమట తుడుచుకున్న రుమాలు తీసి, నాలుగు మడతలు వేసి, అయస్కాంతానికి చుట్టి కుడి తలుపుకి ఆనించాడు. జారి అరచేతిలో పడింది.

“చూశావా? లోపల ఇనుము లేదు. అంతా లప్పమే. ఎక్కడో గట్టిగా గుద్దుకుంది.”

“రుమాలెందుకు?” అంది శరోఫత్.

“రంగు గీసుకుపోకుండా తల్లీ. ముసలిదైనా దాని మర్యాద దానికుంటుంది.”

మత్యాకుబ్ ఆ తలుపుని జాలిగా నిమిరాడు. “ఇంజనన్నా బావుందా? ఒకసారి స్టార్టు చేసి వినిపించన్నా.”

జుమానియోజ్ రోడ్డవతల పులావు దుకాణం వైపు ఓ చూపు చూసి ఇటు తిరిగాడు.

“ఎందుకులే. ఆ దగ్గు విన్నావంటే మీ ఆవిడ దీనికి కషాయం కాస్తానంటుంది. ఇదిగో, నా వేళ్ళు చూడు. ఈ మరకంతా దాని పుణ్యమే. పేరుకి గ్యాసు బండి, తాగేదంతా నూనె.”

“ఇంతకీ ధరెంత?”

“దీనికి అడిగే ధర చెబితే నవ్విపోతావు.” చెవిలో చెప్పాడు. మత్యాకుబ్‌కి నవ్వు రాలేదు, జేబులోని డబ్బు తడుముకున్నాడు.

శరోఫత్ మొగుణ్ణి పక్కకి లాగింది. ఆవిడ గుసగుస ఎప్పుడూ పది మందికి వినపడుతుంది.

“ఇన్ని నిజాలు చెప్పేవాడు కార్ల బజారుకెందుకొచ్చాడయ్యా?”

“నీకు దేవుడు కనపడ్డా చిరునామా అడుగుతావు. ఊరుకో.”

“అడిగితే తప్పేంటి? ఏమయ్యా పెద్దమనిషీ, ఇంత చెడ్డ కారైతే ఎండలో దాని పక్కనే ఎందుకు నిలబడ్డావు?”

జుమానియోజ్ గింజల తొక్క ఊసి నవ్వాడు.

“మీలాంటివాళ్ళు వచ్చి కొనేస్తారేమోనని.”

మత్యాకుబ్ పడీపడీ నవ్వాడు. శరోఫత్ కూడా నవ్వాపుకోలేకపోయింది. కానీ నవ్వు ఆగాక అతని మొహం వాడిపోయింది. పొద్దు నడినెత్తికి వచ్చేసింది. ధర వినేదాకా, చేతిలో ఉన్న డబ్బుకి దొరికేలా కనపడ్డ కారు ఇదొక్కటే. టీచరమ్మలు పక్క వీధి కుర్రాడి కారెక్కి వెళ్ళిపోతున్నట్టే ఉంది అతనికి.

ఆ మొహం చూసి జుమానియోజ్ గొంతు సవరించుకున్నాడు.

“దిగులు పడకు తమ్ముడూ. మూడో వరస చివర్లో ఓ నీలం కారుంది. పొద్దున్నే చూశా. దానికి పెట్టడానికి నాకు వంక దొరకలేదు. యజమాని ముసలాయన, అమ్మకుండా ఇంటికెళ్ళే ఓపిక లేదు. బేరం మెత్తగా ఆడు, వినేస్తాడు. తొందరగా వెళ్ళు.”

మత్యాకుబ్ రెండు చేతులూ గుండెకి ఆనించుకుని వంగాడు. “ఎంత మేలు చేశావన్నా. నిన్ను కలవకపోతే ఇవాళ మునిగిపోయేవాణ్ణి.”

శరోఫత్ ఓ క్షణం ఆగి, చంకలోని ఖర్బూజా తీసి అతని చేతుల్లో పెట్టింది.

“మా పెరట్లోది. నిన్ను అనుమానించాను, ఏమనుకోకు. ఈ బజారంతటికీ అబద్ధం ఆడని నోరు ఇదొక్కటే. తీపి చేసుకో.”

జుమానియోజ్ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆవిడ వినలేదు. అతను పండు పట్టుకుని ఎటు చూడాలో తెలియక కాసేపు టైరు వైపు చూశాడు.

వాళ్ళిద్దరూ మూడో వరస వైపు దాదాపు పరిగెత్తారు. కనుమరుగయ్యేదాకా చూసి, జుమానియోజ్ అయస్కాంతం జేబులో వేసుకున్నాడు. మోకాళ్ళ దుమ్ము దులుపుకున్నాడు. కుడి తలుపు మీద పడ్డ వేలిముద్రల్ని అదే రుమాలుతో మెల్లగా తుడిచాడు.

పులావు దుకాణంలోంచి ఓ బొద్దు కుర్రాడు గడ్డం మీది జిడ్డు తుడుచుకుంటూ తీరిగ్గా రోడ్డు దాటి వచ్చాడు.

“ఏం తేల్చారన్నా, నా కారు కొంటారా?”