రెక్కలు దాచిన తల్లి

పిల్లల దేవకన్య బొమ్మల సినిమా డీవీడీ మీద నా సమీక్ష ఆదివారం పేపర్లో వచ్చింది. "కూతురు కింద పడుతుందని రెక్కలు దాచేసే తల్లా? నమ్మబుద్ధి కాదు" అని దులిపేశాను.

మధ్యాహ్నానికే ఎమ్మిగనూరు నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, మేం రెండుసార్లు సూసినాం. దాంట్లో అమ్మే లేదు గదా! నువ్వు సూసే రాసినావా?"

గతుక్కుమన్నాను. వంట చేస్తూ నేను చూసిందెంత? ఆ ఇంగ్లీషు సినిమా కథను అత్త ఈశ్వరమ్మ మా పాపకు తెలుగులో చెబుతుంటే విన్నదే ఎక్కువ.

"అత్తా, సినిమాలో లేని అమ్మను యాడనుంచి తెచ్చినావు?"

అత్త నవ్వింది. "నాకు ఇంగ్లీషు యాడొస్తాదమ్మా? ఇంట్లో సూసింది సెప్పినా. ముందు పాప సైకిలు తాళంచెవి యాడ దాసినావో సెప్పు."