రెండు వైపులా అచ్చు

"ప్రతి పేజీకి వెనకవైపు కూడా అవే బొమ్మలెందుకండీ?" కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుంటూ అడిగాడు చంద్రరావు. "చకచకా తిప్పేటప్పుడు కనబడేది ఒక పక్కే కదా! ఇంకు దండగ."

"ఖాళీగా వదిలేస్తే వెలితిగా ఉంటుందండి," అన్నాడు జాషువా.

"అట్ట మీద పేరు?"

"వద్దండి. ముందూ వెనకా ఒకే నీలం."

"మొదలేదో చివరేదో తెలీదు మరి!"

"పర్లేదండి."

"ఎన్ని కాపీలు?"

"ఒక్కటే."

చంద్రరావు నిట్టూర్చాడు. రాజమండ్రిలో అతని ప్రెస్సుకి జాషువా తెచ్చేవన్నీ ఇలాంటి తిక్క పనులే. అగ్గిపెట్టెలో పట్టే బొమ్మల కథ, బస్సు టికెట్ల చుట్టలా లాగుతూ చదివే కథ, పూతరేకులా పొర మీద పొర విప్పితే గాని ముగింపు దొరకని కథ. వాటివల్ల జాషువాకి మంచి పేరే వచ్చింది. కోసి, మడిచి, అతికించిన చంద్రరావుకి మాత్రం నడుం నొప్పి వచ్చింది.

ఈసారిది అరచేతిలో ఇమిడే పుస్తకం. అరవై నాలుగు బొమ్మలు, మాట ఒక్కటీ లేదు. అంచు మీద బొటనవేలు పెట్టి పేజీలు వదులుతూ పోతే బొమ్మలు కదులుతాయి.

బైండింగు ఆరగానే చంద్రరావు ముచ్చటపడి కుడి బొటనవేలితో తిప్పి చూశాడు. గోదావరి. నావలో ఇద్దరు కుర్రాళ్లు. ఒకడు జారి నీళ్లలో పడ్డాడు. రెండోవాడు వంగి చెయ్యి పట్టుకున్నాడు. నావ ఒరిగింది. పట్టుకున్న వేళ్లు ఒక్కొక్కటే విడిపోయాయి. చివర్లో వట్టి నీళ్లు.

"అయ్యబాబోయ్! వదిలేశాడేంటండీ?"

"వదిలేశాడండి," అన్నాడు జాషువా. ఆ ముక్క అతను పైకి అనడం పదకొండేళ్లలో అదే మొదటిసారి. చంద్రరావు అది ఉత్త కథే అనుకుని పుస్తకం కవర్లో పెట్టి ఇచ్చాడు.

వదిలేసినవాడు జాషువాయే. మునిగిపోయినవాడు ఫిన్నీ, చిన్నప్పటి నుంచీ ఒకే బెంచీలో కూర్చున్న స్నేహితుడు. నావ తిరగబడిపోతుందన్న భయంతో ఆ రోజు వేళ్లు వదిలేశాడు. రేవులో మూగిన జనానికి మాత్రం "చెయ్యి అందలేదు" అని చెప్పాడు. అందరూ నమ్మారు. ఫిన్నీ తల్లి సంపూర్ణమ్మ టీచరు గారైతే, వణుకుతున్న అతన్ని దగ్గరకి తీసుకుని తన కొంగు కప్పింది. ఆ కొంగు ఇప్పటికీ ఒంటి మీద ఉన్నట్టే ఉంటుంది జాషువాకి.

కిందటి నెల ఆవిడే ఫోన్ చేసింది. "వచ్చే నెల మొదటి ఆదివారం వాడి జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం నాన్నా. నువ్వు కదిలే బొమ్మలు చేస్తావటగా? వాడిది నాకొకటి చేసిపెట్టు. ఫొటోలో వాడు కదలడురా."

ఇక దాచకూడదు, నోట రానిది బొమ్మల్లోనైనా చెప్పెయ్యాలి అనుకునే మొదటి బొమ్మ గీశాడు. ఆ నెలంతా సరిగా తిండి తినలేదు.

కూడికకి ముందురోజు బస్సు దిగి, రామచంద్రపురంలో ఆవిడ ఇంటి గుమ్మం ముందు నిలబడేసరికి చెయ్యి తనంతట తానే చెంప తడుముకుంది. రెండో తరగతిలో ఆవిడ దగ్గర ఒత్తు తప్పితే కుడి చెంప ఛెళ్లుమనేది. కన్నకొడుకని ఫిన్నీకీ మినహాయింపు లేదు. ఇద్దరూ కుడి చెంపలే తడుముకుంటూ ఇంటికెళ్లేవారు.

"ఏంట్రా, ఇలా చిక్కిపోయావు?"

"టీచరు గారూ, ఇందులో ఆ రోజు జరిగిందంతా ఉందండి. చూశాక నన్ను ఏమైనా అనండి."

"నిన్నెందుకంటానురా పిచ్చోడా!"

ఆవిడ కళ్లజోడు తుడుచుకుంది. పుస్తకాన్ని కుడిచేత్తో పట్టుకుని, ఎడమ బొటనవేలితో చివరి పేజీ నుంచి ముందుకి వదలడం మొదలుపెట్టింది.

వట్టి నీళ్లు. అందులోంచి ఒక చెయ్యి పైకి లేచింది. నావలోంచి ఇంకో చెయ్యి దిగింది. వేళ్లు ఒక్కొక్కటే ముడుచుకుని దాన్ని గట్టిగా పట్టుకున్నాయి. ఫిన్నీ నీళ్లలోంచి పైకొచ్చాడు. నావలో స్నేహితుడి పక్కన కూర్చుని నవ్వాడు.

ఆవిడ మళ్లీ తిప్పింది. ఇంకోసారి తిప్పింది.

"పైకి లాగేశావురా నాన్నా!" అంది ఆవిడ. "ఆ రోజు అందని చెయ్యి ఇక్కడ అందించావు. దీనికా నేను నిన్ను అనాలి?"

"అటు నుంచి కాదండీ, ఇటు నుంచి" అన్న మాట జాషువా గొంతు దాకా వచ్చింది. చెయ్యి చాచి పుస్తకాన్ని తిప్పి పెడితే చాలు. సిగ్గుతో తల వంగిపోయింది గాని, చెయ్యి మాత్రం కదల్లేదు.

"కూర్చో, టీ పెడతాను," అంటూ ఆవిడ పుస్తకాన్ని గుండెకి హత్తుకుని వంటింట్లోకి వెళ్లింది.

ఆవిడది ఎడమచేతి వాటమని జాషువాకి రెండో తరగతి నుంచీ తెలుసు.