డెబ్బై దగ్గర ఆగిన సూది

"పదకొండు కార్లను చంపేశారు మీరు! పదకొండు ఇళ్ల పొట్ట కొట్టి, పైగా చల్లగా టీ తాగుతున్నారు!"

టాక్సీ అక్క గొంతుకు తనిఖీ షెడ్డు రేకులు అదిరాయి. ఇన్‌స్పెక్టరు చేతిలో గ్లాసు మాత్రం అదరలేదు.

"నేను చంపడమేమిటమ్మా? మీ కార్లు ముసలివై చచ్చాయి. చచ్చాయని నేను రాస్తున్నాను, అంతే."

"మీ గేజీ తప్పు చూపిస్తోంది."

"నువ్వెవరో నేనెవరో దానికేం తెలుసు? ఉన్నది ఉన్నట్టు చెబుతుంది."

కొత్త నిబంధన అది. రాసినవాళ్లకు బానెట్ ఎత్తడం వచ్చో రాదో ఎవరికీ తెలియదు. పదేళ్లు దాటిన ప్రతి టాక్సీ ఇక్కడికి రావాలి. స్పార్క్ ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో గేజీ బిగించి, సెల్ఫ్ కొడతారు. లోపల పిస్టన్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో సూది చెబుతుంది. నూరు దాటితే పాసు. దాటకపోతే బానెట్ మీద ఎర్రరంగుతో 'తుక్కు' అని రాసేస్తారు.

వారంలో పదకొండు టాక్సీలు వచ్చాయి. పదకొండూ తుక్కే. అవన్నీ గేటు బయట వరసగా నిలబడి ఉన్నాయి. మధ్యాహ్నం లారీ వచ్చి ఎత్తుకుపోతుంది. వాటి డ్రైవర్లు షెడ్డు ఊచలు పట్టుకుని లోపలికి చూస్తున్నారు.

పన్నెండోది అక్కది. పద్దెనిమిదేళ్ల బండి. రంగు వెలిసిపోయింది. వెనక తలుపు తాడు మీద నిలబడింది. బానెట్ ఎత్తితే ఇంజిన్‌దీ అదే వాలకం. నూనె, మసి, వేలెడు మందాన ధూళి.

ఇన్‌స్పెక్టరు ఇంజిన్ మీద వేలు పెట్టి చటుక్కున తీశాడు. వేలు కాలింది, నల్లబడింది కూడా.

"పుట్టాక దీన్ని ఒక్కసారైనా కడిగారా?"

"లేదు సార్. ఒక్కసారి కూడా కడగలేదు."

ఊచల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. అక్క వెనక్కి తిరిగి ఒక్క చూపు చూసింది. నవ్వు ఆగిపోయింది.

"ఇంజిన్ నంబరు చూసుకోండి సార్," అంది.

"ఎందుకూ? ఇరవయ్యేళ్ల సర్వీసు నాది. మొహం చూసి వయసు చెప్పేస్తాను."

"సరే. కానీ తర్వాత ఇంజిన్ చల్లగా ఉందనీ, బ్యాటరీ నీరసంగా ఉందనీ అనకూడదు. పరీక్ష పద్ధతి ప్రకారమే జరిగిందని రాసి సంతకం పెట్టాలి."

"సంతకమేగా! రెండు పెడతాను."

గుమాస్తా నాలుగు ప్లగ్గులూ విప్పాడు. రంధ్రాల చుట్టూ తుడుద్దామని గుడ్డ తీశాడు. అక్క గబుక్కున ఒక అడుగు ముందుకు వేసింది.

"తుక్కుకు సోకులెందుకయ్యా? వెళ్లి సీట్లో కూర్చో," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఇన్‌స్పెక్టరు మొదటి సిలిండరు రంధ్రంలో గేజీ బిగించాడు. గుమాస్తా వెళ్లి కూర్చున్నాడు. గాలి పూర్తిగా అందేలా యాక్సిలరేటర్‌ను నేలకు తొక్కిపట్టాడు. సెల్ఫ్ కొట్టాడు. బండి కుయ్యోమంది. సూది ఎగిరి ఎగిరి డెబ్బై దగ్గర కూలబడింది.

రెండో సిలిండరు. డెబ్బై.

మూడోది డెబ్బై. నాలుగోదీ డెబ్బయ్యే.

"నాలుగూ మాట్లాడుకుని ఒకేసారి చచ్చాయా సార్?" ఊచల అవతల నుంచి బాబాయ్ అడిగాడు. అందరికంటే పెద్ద డ్రైవరు ఆయన. బయటున్న కార్లలో మొదటిది ఆయనదే.

"ఒకే మనిషి తోలింది కదయ్యా, ఒకేసారి చచ్చాయి."

"రెండు చెంచాల నూనె పోసి చూడండి సార్," అంది అక్క. "పిస్టన్ రింగులు అరిగి సందు పడితే, నూనెతో ఆ సందు మూసుకుని సూది లేవాలి."

పోశారు. సూది లేవలేదు.

ఇన్‌స్పెక్టరు మొహం వెలిగిపోయింది. "అయితే రింగులే కాదు, వాల్వులు కూడా పోయాయి! గుమాస్తా, రాసుకో. ఈ ఇంజిన్ మూడు లక్షల కిలోమీటర్లకు తక్కువ తిరగలేదు. రింగులు అరిగాయి. వాల్వులు కాలిపోయాయి. పరీక్ష అంతా పద్ధతి ప్రకారం జరిగింది."

సంతకం పెట్టాడు. ముద్ర కొట్టాడు. అన్నమాట ప్రకారం కింద ఇంకో సంతకం కూడా గీకాడు.

అక్క ఆ కాగితం రెండుసార్లు చదివింది. జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకుంది. గుండె సెల్ఫ్ కొట్టినట్టు కొట్టుకుంటోంది.

గుమాస్తా ఎర్రరంగు డబ్బా తెచ్చాడు.

"ఏమ్మా, ఇంకేమైనా అరవాలా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఒక్క ముక్క సార్," అని అక్క అదే సంచిలోంచి ఇంకో కాగితం తీసి ఆయన మొహం ముందు ఆడించింది. "నా పాత ఇంజిన్ నిజంగానే పోయింది కాబట్టి నిన్న సాయంత్రం కంపెనీ పెట్టె విప్పి ఈ కొత్త ఇంజిన్ బిగించి, పైన మసి పూసి తెచ్చాం, ఇదిగో బిల్లు, ఇక ఆ గేజీని తుక్కు లారీకి అప్పగించి, మంచిది తెప్పించి, బయటున్న పదకొండు కార్లనూ ఇప్పుడే లోపలికి పిలవండి!"