దాలమ్మ పుంజు

“నా కోడిపిల్లల్ని ఏటి సేసినావత్తా?”

గంగులు గంపని దాలమ్మ ఇంటి అరుగు మీద ఠక్కున దించాడు. లోపల మూడు పిల్లలు. నెల దాటినా ఒంటి మీద ఈక నిలవక, ఎర్రటి చర్మంతో వణుకుతున్నాయి.

గంగులువి మామూలు కోళ్ళు కావు. ఈకలన్నీ వెనక్కి మెలితిరిగి ఉంగరాల జుట్టులా ఉంటాయి. విజయనగరం అంతా వెతికి జతగా కొనుక్కొచ్చాడు. వాట్సాప్‌లో ఫోటో పెడితే చాలు, పిల్లలు కావాలని ఫోన్ల మీద ఫోన్లు. అలాంటిది పన్నెండు పిల్లల్లో మూడు బోడివి! దాలమ్మ చిల్లంగి పెట్టిందని, చేతబడి చేసిందని ఊరంతా గుసగుస. రోజూ గోడ మీంచి ఆ కోళ్ళనే చూస్తూ ఉంటుంది మరి.

“నిన్ను ఊల్లోంచి ఎల్లగొడతామంటన్నారు. నానే ఆపినాను. నిజం సెప్పీ.”

“చిల్లంగే ఒస్తే ముందు నీ నోటికి పెట్టీదాన్రా,” అంటూ దాలమ్మ ఒక పిల్లని తీసి రెక్క విప్పి చూసింది. “పుంజూ ఉంగరాలదే, పెట్టా ఉంగరాలదేనేటి?”

“అవును. అయితే ఏటి?”

“అదేరా మరి! అయ్య కాడ్నుంచి ఒక మెలిక, అమ్మ కాడ్నుంచి ఒక మెలిక. రెండూ ఒక్క పిల్లకే దిగినాయంటే ఈక నిలవదు, ఇరిగి రాలిపోతాది. నాలుగింట ఒకటి అలగే పుడతాది.”

గంగులు గతుక్కుమన్నాడు. పన్నెండింట మూడు. తను నోరు విప్పి లెక్క చెప్పనేలేదు. ఈమెకెలా తెలిసింది?

“మరి ఇరుగుడేటి?” అన్నాడు ఓరగా చూస్తూ.

“నీ పుంజుని ఏరేగా కట్టేసి, మెలికల్లేని సాపు ఈకల పుంజునెయ్యి. నాదుంది, అట్టుకెల్లు. మూడు వారాలు గుడ్లు పొదగెయ్యకు, వండుకు తినీ. అందాకా పెట్ట కడుపులో పాత పుంజు సత్తువే ఉంటాది. ఆ తరవాత సగం ఉంగరాలవి, సగం సాపువి. బోడిది ఒక్కటీ పుట్టదు.”

మూడు వారాలట! గడువు పెట్టి మరీ చెబుతోంది. గంగులుకి ఒళ్ళు జలదరించింది. అయినా పుంజుని చంకలో పెట్టుకుని వెళ్ళాడు.

మూడు నెలలు గడిచాయి. పది పిల్లలు. ఐదు ఉంగరాలవి, ఐదు సాపువి. ఒక్కోదాన్నీ ఎత్తి, రెక్కల కింద కూడా వెతికాడు గంగులు. అన్నిటికీ ఒళ్ళంతా ఈకలే.

అతని భార్య రాజకుమారికి కళ్ళు చెమర్చాయి. “పాపం ముసలామె! అన్నేయంగా ఆడిపోసుకున్నాం. తప్పయిపోనాదని ఊరందరికీ సెప్పీసి రావయ్యా.”

గంగులు చెప్పులేసుకుని టీకొట్టు దగ్గరికి నడిచాడు. ఊళ్ళో మగాళ్ళంతా అక్కడే ఉన్నారు.

“నిజం తేలిపోనాదిరా,” అన్నాడు గొంతు తగ్గించి. “సెప్పింది సెప్పినట్టు చిల్లంగి తీసీసింది. పెట్టినోల్లకి కాపోతే, తియ్యడం ఇంకెవులికొస్తాది?”